పుర్రెను కొత్తగా కడితే?

ఇల్లు పాతబడితే పడగొట్టి కొత్తది కట్టుకుంటాం. మరి మన మెదడు కాపురముండే పుర్రెను కూడా అలా కొత్తగా కట్టగలమా? నవ్వకండి! పేరుపొందిన శాస్త్రజ్ఞుడు ఒకాయన ఈ సంగతి నిజంగానే ఆలోచించాడు.

ఆయన పేరు జె.డి. బెర్నాల్. ఎక్స్ కిరణాలతో స్ఫటికాల లోపలి నిర్మాణాన్ని పరిశోధించినవాడు. 1929లో రాసిన ఒక చిన్న పుస్తకంలో ఆయన భవిష్యత్ మానవుణ్ణి ఊహించాడు. ఆ మనిషికి కాళ్లూ చేతులూ లేవు. గట్టి పదార్థంతో చేసిన పొట్టి స్థూపం ఒకటి ఉంటుంది. అందులో ద్రవంలో మునిగి మెదడు ఉంటుంది. బయట ఉన్న కృత్రిమ గుండె, ఊపిరితిత్తులు దానికి మంచి రక్తాన్ని పంపుతుంటాయి. ఇలాంటి మెదళ్లను ఒకదానితో ఒకటి కలపవచ్చని కూడా ఆయన ఊహించాడు. 1989లో జపానులో మసమునే షిరో మొదలుపెట్టిన 'గోస్ట్ ఇన్ ది షెల్' అనే బొమ్మల కథలో మనుషుల మెదళ్లు యంత్రపు కవచాల్లో ఉండి, కంప్యూటర్లతో మాట్లాడుకుంటాయి.

ఇవి ఊహలే. కాని ఇలాంటి పుర్రెను కట్టే పని మీకే అప్పగించారనుకోండి. ఏమేమి చూసుకోవాలి? "ఉక్కుతో చేస్తే సరి" అంటారా? తొందరపడకండి. ముందు మన పుర్రె ఏం చేస్తోందో చూద్దాం.

తేలే మెదడు

మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు. అది చాలా మెత్తనిది. గట్టి పెట్టెలో ఊరికే పెడితే తన బరువుకు తానే నలిగిపోతుంది. అందుకే పుర్రెలో మెదడు చుట్టూ మస్తిష్క మేరుద్రవం ఉంటుంది. ఆర్కిమెడిస్ సూత్రం గుర్తుందా? ద్రవంలో మునిగిన వస్తువు బరువు తగ్గినట్లు ఉంటుంది. ఈ ద్రవంలో మెదడు బరువు దాదాపు 50 గ్రాములే!

మీరూ చేసి చూడండి. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ సీసాలో పచ్చి గుడ్డు వేసి ఊపితే పగులుతుంది. మరో గుడ్డు వేసి, అది తేలేవరకు ఉప్పు కలిపిన నీటిని అంచుదాకా నింపి, మూత బిగించి అలాగే ఊపండి. తేడా మీకే తెలుస్తుంది.

ఈ ద్రవం నిలవనీరు కాదు. ఏ సమయంలో చూసినా 150 మిల్లీలీటర్లే ఉంటుంది. కాని రోజుకు దాదాపు 500 మిల్లీలీటర్లు తయారవుతుంది. అంటే రోజుకు మూడుసార్లకు పైగా పాతది పోయి కొత్తది వస్తుంది.

వంటా, చల్లదనం

మెదడు బరువు శరీరంలో నూటికి 2 పాళ్లే. అయినా మనం విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో నూటికి 20 పాళ్లు అదే వాడుకుంటుంది. నిమిషానికి సుమారు 750 మిల్లీలీటర్ల రక్తం కావాలి. ఆ సరఫరా పది సెకన్లు పూర్తిగా ఆగితే స్పృహ తప్పుతుంది. కొద్ది నిమిషాలు ఆగితే కణాలే చనిపోతాయి. మెదడులో పుట్టే వేడిని మోసుకుపోయేది కూడా రక్తమే. కనుక మెదడు శక్తిని పెంచాలనుకునే ఇంజనీరు, ముందు దానికి తిండి పెట్టడం, చల్లబరచడం నేర్చుకోవాలి.

గట్టిదనమే శత్రువైతే?

పసిపాప నడినెత్తిన మాడు మెత్తగా ఉండటం చూశారు కదా! ఎముకల మధ్య ఆ ఖాళీలుండబట్టే పెరిగే మెదడుకు చోటు దొరుకుతుంది. సుమారు ఏడాదిన్నరకు మాడు పూడుకుంటుంది. ఆ తర్వాత కూడా ఎముకల అతుకుల దగ్గర పుర్రె పెరుగుతూనే ఉంటుంది. ఉక్కుపెట్టె అలా పెరగగలదా?

పెద్దవారి పుర్రె మాత్రం సాగదు. ఈ సంగతిని స్కాట్లండు వైద్యుడు అలెగ్జాండర్ మన్రో 1783లోనే ఎత్తిచూపాడు. దెబ్బతగిలి మెదడు వాస్తే పక్కకు జరగడానికి చోటుండదు. ఒత్తిడి పెరిగి రక్తం అందదు. కాపాడవలసిన పెట్టే ప్రాణం మీదికి తెస్తుంది! అప్పుడు అవసరాన్నిబట్టి వైద్యులు పుర్రెలో ఒక ముక్కను తీసి, మెదడుకు చోటు ఇస్తారు. వాపు తగ్గాక ఆ ముక్కనే తిరిగి అమరుస్తారు. అది పనికిరాకపోతే టైటానియం లోహంతోనో, గట్టి ప్లాస్టిక్‌తోనో రోగి తలకు సరిపోయేలా పలక చేసి బిగిస్తారు. అంటే మనిషి చేసిన పుర్రె ముక్కలు ఇప్పటికే ఉన్నాయి. మొత్తం పుర్రె మాత్రం ఇంకా కథల్లోనే ఉంది.

అందాకా మనకున్న ఉపాయం చిన్నదే: హెల్మెట్. పైనున్న గట్టి చిప్పతో పాటు లోపలి థర్మోకోల్ లాంటి మెత్తటి పొర కూడా ముఖ్యం. దెబ్బ తగిలినప్పుడు ఆ పొర నలిగి, తల ఆగడానికి మరికొంత వ్యవధి ఇస్తుంది. పుర్రె లోపల ద్రవం, బయట ఈ పొర — రెండూ చెప్పేది ఒకటే. మెత్తని మెదడును కాపాడటానికి గట్టిదనం ఒక్కటే చాలదు.

ఇప్పుడు చెప్పండి. మీరు కట్టే పుర్రెలో మొదట దేన్ని అమరుస్తారు?