పది సెకన్ల పిట్ స్టాప్: డ్రైవర్ సేఫే, మరి టైరు మార్చేవాడి సంగతేంటి?

పిట్ స్టాప్ రీల్ కనిపిస్తే స్క్రోల్ ఆపని వాళ్ళు తక్కువ. కారు వచ్చి ఆగుతుంది. ఐదుగురు గోడ దూకుతారు. జాకీ లేస్తుంది, నాలుగు టైర్లు మారతాయి, ట్యాంకులో పెట్రోలు పడుతుంది, కారు తుర్రుమంటుంది. అమెరికాలోని నాస్కార్ స్టాక్ కార్ రేసుల్లో ఈ తతంగమంతా ఇప్పుడు పది సెకన్లకు అటూ ఇటూగా అయిపోతోంది. కింద కామెంట్లన్నీ ఆ ఎయిర్ గన్ గురించే.

కాస్త పక్కకి చూడండి. డ్రైవర్ చుట్టూ స్టీల్ కేజ్ ఉంది, బెల్టులున్నాయి, మెడని కాపాడే హాన్స్ డివైస్ ఉంది. టైరు పట్టుకుని కారు ముందు నుంచి పరిగెత్తే మనిషికి? వీపు వెనకాల మిగతా కార్లు దూసుకుపోతుంటాయి. ఆయనకున్నది ఓ హెల్మెట్, ఓ ఫైర్ సూట్. ఈ రెండింటి వెనక కూడా పెద్ద చరిత్రే ఉంది. "సేఫ్టీ పెంచితే రేసు స్లో అయిపోతుంది" అనే వాదనకీ, "ముందు మనిషి ఇంటికెళ్ళాలి" అనే వాదనకీ 35 ఏళ్ళుగా గొడవ నడుస్తూనే ఉంది. ఆ గొడవ మన గుంటూరు, ప్రకాశం హైవేల మీద పంక్చర్ వేసే కుర్రాడి దాకా ఎలా వస్తుందో చూద్దాం.

స్పీడ్ లిమిట్ ఎలా వచ్చింది?

1990 నవంబర్ 18, అట్లాంటా. సీజన్‌లో ఆఖరి రేసు. పిట్ రోడ్డులోకి వచ్చిన రిక్కీ రడ్ కారు అదుపు తప్పి తిరిగిపోయి, బిల్ ఎలియట్ కారుకు వెనక టైరు మారుస్తున్న మైక్ రిచ్‌ని గుద్దేసింది. ఆయన బతకలేదు. అప్పటికి నాస్కార్ పిట్ రోడ్డుపై స్పీడ్ లిమిట్ అనేదే లేదు.

1991 సీజన్ మొదట్లో నిర్వాహకులు ఓ కఠినమైన రూల్ పెట్టి చూశారు: ట్రాక్ మీద పసుపు జెండా ఉన్నప్పుడు, అంటే కార్లన్నీ గుంపుగా పిట్‌లోకి వచ్చే టైమ్‌లో, టైర్లు మార్చకూడదు. రేసు మజా పోయిందని గోల మొదలైంది. కొన్ని రేసులకే ఆ రూల్ పోయింది. చివరికి నిలబడింది పిట్ రోడ్డు స్పీడ్ లిమిట్. ఇప్పుడది ట్రాక్‌ని బట్టి గంటకు 48 నుంచి దాదాపు 90 కిలోమీటర్లు.

లెక్క సింపుల్. గంటకు 160 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 44 మీటర్లు పోతుంది, 80లో అయితే 22 మీటర్లు. వేగం సగమైతే గుద్దే శక్తి నాలుగో వంతుకి పడిపోతుంది. మనిషి ప్రాణానికి ఇంతకంటే చవకైన అప్‌గ్రేడ్ దొరకదు.

స్పీడోమీటర్ లేకుండా స్పీడ్ లిమిట్ ఎలా?

ఇది గ్యాడ్జెట్ ప్రియులకు నచ్చే పార్ట్. నాస్కార్ కార్లలో స్పీడోమీటర్ ఉండదు. ఏ గేరులో ఇంజిన్ ఎన్ని ఆర్‌పీఎమ్ తిరిగితే లిమిట్ వేగం వస్తుందో టీమ్ ముందే లెక్కేసుకుంటుంది, డ్రైవర్ ఆ ఆర్‌పీఎమ్ మెయిన్‌టెయిన్ చేస్తాడు. పిట్ రోడ్డు కింద టైమింగ్ గీతలు పాతి ఉంటాయి. కారులోని ట్రాన్స్‌పాండర్ రెండు గీతల మధ్య ఎంతసేపట్లో దాటిందో చూసి సిస్టమ్ సగటు వేగం తీస్తుంది.

సగటు అంటే లూప్‌హోల్ ఉన్నట్టేగా? టీమ్‌లు దాన్నీ పట్టేశాయి. తమ పిట్ బాక్సు ఉన్న ముక్కలో కారు ఎలాగూ ఆగుతుంది కాబట్టి సగటు పడిపోతుంది, అక్కడ కాస్త ఎక్కువ వేగంతో లాగేయొచ్చు. అందుకే తర్వాత గీతల సంఖ్య పెంచి, వాటి మధ్య దూరం తగ్గించాల్సి వచ్చింది. రూల్ రాసేవాళ్ళు ఒక అడుగు వేస్తే, సెకన్లు వెతికేవాళ్ళు రెండడుగులు వేస్తారు.

హెల్మెట్‌కి 2002 దాకా ఆగాలా?

2001 ఫిబ్రవరిలో డేటోనాలో డేల్ ఎర్న్‌హార్ట్ చనిపోయాక డ్రైవర్ల సేఫ్టీపై ప్రపంచమంతా మాట్లాడింది. ఆ ఏడాది చివర్లో హోమ్‌స్టెడ్ పిట్ రోడ్డుపై కార్లు గుద్దుకుని సిబ్బందికి గాయాలయ్యాయి. గోడ దాటి పని చేసే ప్రతి ఒక్కరికీ హెల్మెట్ తప్పనిసరి అయింది 2002లో. అంటే మైక్ రిచ్ చనిపోయిన పదకొండేళ్ళకి పైగా గడిచాక.

ఫైర్ సూట్ ఎందుకో 2015 ఏప్రిల్‌లో రిచ్‌మండ్‌లో మళ్ళీ గుర్తొచ్చింది. రెండో అంచె సిరీస్ రేసులో పెట్రోలు పోస్తుండగా మంటలు లేచి కొందరు సిబ్బంది గాయపడ్డారు. నిండా పెట్రోలున్న ఆ క్యాన్ దాదాపు 40 కిలోలు ఉంటుంది. భుజం మీద అంత బరువు మోస్తూ, వేడెక్కిన కారు పక్కన నిలబడి చేసే పని అది.

ఐదు నట్లు బిగించాలా, మూడు చాలా?

డిబేట్ అసలు వేడెక్కింది ఇక్కడే. 2015లో నాస్కార్ పిట్ రోడ్డు మీద అఫీషియల్స్‌ని తగ్గించి కెమెరాలు, సాఫ్ట్‌వేర్‌తో తప్పులు పట్టడం మొదలుపెట్టింది. అదే సమయంలో, చక్రానికి ఐదు నట్లూ బిగించారా లేదా అని చూసే పద్ధతిని వదిలేసింది. వదులు చక్రంతో వెళ్తే నష్టం టీమ్‌కే కదా, వాళ్ళే చూసుకుంటారన్నది లెక్క. జరిగింది వేరు. నట్టు తగ్గితే టైమ్ మిగులుతుంది, టైమ్ మిగిలితే పొజిషన్లు వస్తాయి. అందరూ రిస్క్ తీసుకోవడం మొదలైంది.

2016 ఏప్రిల్‌లో మూడుసార్లు ఛాంపియన్ అయిన టోనీ స్టీవార్ట్ దీన్ని బహిరంగంగా తప్పుబట్టాడు. నాస్కార్ ఆయనకి 35,000 డాలర్ల ఫైన్ వేసింది. విచిత్రం ఏంటంటే, వారం తిరక్కుండానే రూల్ మారింది: ఐదు నట్లూ ఉండాల్సిందే. ఫైన్ కట్టించుకున్నారు, మాట కూడా విన్నారు!

2018లో గోడ దాటే సిబ్బందిని ఆరుగురి నుంచి ఐదుగురికి తగ్గించారు. ఎయిర్ గన్‌లు కూడా అందరికీ ఒకే రకం ఇచ్చారు. 2022లో వచ్చిన నెక్స్ట్ జెన్ కారుతో ఐదు నట్ల గొడవే పోయింది. 18 అంగుళాల అల్యూమినియం చక్రం, మధ్యలో ఒకే ఒక్క నట్టు. అయితే ఆ ఒక్కటి సరిగ్గా కూర్చోకపోతే చక్రం మొత్తం ఊడి వచ్చేస్తుంది. మొదట్లో చక్రం ఊడితే క్రూ చీఫ్‌కీ, ఇద్దరు సిబ్బందికీ నాలుగు రేసుల సస్పెన్షన్ వేశారు. శిక్ష మరీ ఎక్కువైందన్న విమర్శలొచ్చాక 2023లో దాన్ని ఇద్దరు సిబ్బందికి రెండు రేసులకు తగ్గించారు. అయినా ప్రశ్న అలాగే ఉంది: పది సెకన్లలో పని అవ్వాలని ఒత్తిడి పెట్టేది ఒకరు, తప్పు జరిగితే ఇంట్లో కూర్చునేది ఇంకొకరా?

హైదరాబాద్‌లో రిస్క్ వేరు

మన దగ్గరికొద్దాం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన 2.8 కిలోమీటర్ల స్ట్రీట్ సర్క్యూట్‌పై ఫార్ములా ఈ రేసు జరిగింది. డీఎస్ పెన్‌స్కే డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ రేసులో టైర్లు మార్చే స్టాప్‌లు లేవు, పెట్రోలు అసలే లేదు. అలాగని సిబ్బందికి రిస్క్ లేదనుకోకండి. అక్కడ భయం కరెంటుతో.

2008లో ఫార్ములా వన్ టీమ్‌లు హైబ్రిడ్ సిస్టమ్ టెస్ట్ చేస్తున్నప్పుడు, స్పెయిన్‌లోని హెరెస్‌లో బీఎండబ్ల్యూ సౌబర్ కారుని ముట్టుకున్న మెకానిక్‌కి షాక్ కొట్టింది. అప్పటి నుంచి ఇలాంటి కార్లపై ఓ చిన్న స్టేటస్ లైటు కీలకమైంది. పచ్చగా ఉంటేనే చెయ్యి వెయ్యాలి. లైటు తేడాగా ఉంటే ఇన్సులేటెడ్ గ్లోవ్స్ ఉన్న ట్రైన్డ్ మనుషులే దగ్గరికెళ్ళాలి. హైదరాబాద్ రేసు జరిగిన ఏడాదే అక్టోబర్‌లో, వాలెన్సియాలో ప్రీ సీజన్ టెస్టింగ్ అప్పుడు పిట్ గ్యారేజీలో బ్యాటరీ అంటుకుంది. ఒకరిని ఆసుపత్రికి తీసుకెళ్ళారు, టెస్టింగ్ ఆగింది. 2025 నుంచి ఫార్ములా ఈలో పిట్‌లోనే 30 సెకన్లు 600 కిలోవాట్ల ఫాస్ట్ చార్జింగ్ మొదలైంది. సిబ్బంది మళ్ళీ కారు దగ్గరికొచ్చారు. డిబేట్ కూడా వాళ్ళ వెంటే వస్తుంది.

మన పిట్ రోడ్డు ఎన్‌హెచ్-16

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు మిర్చి యార్డుకి టిక్కీలు మోసే లారీలు, పత్తి లోడు బండ్లు చిలకలూరిపేట, ఒంగోలు రూట్‌లో రాత్రింబగళ్ళు తిరుగుతుంటాయి. టైరు పేలితే పిట్ స్టాప్ ఎక్కడ? హైవే పక్క మార్జిన్‌లోనే. నాస్కార్‌లో పక్కనుంచి పోయే కారుకి స్పీడ్ లిమిట్ ఉంటుంది, పని చేసేవాడికి హెల్మెట్ ఉంటుంది. ఇక్కడ క్లీనర్ కుర్రాడు ఫోన్ టార్చ్ నోట్లో పెట్టుకుని, వెనక ఓ చెట్టు కొమ్మ అడ్డం వేసి వీల్ స్పానర్ తిప్పుతుంటాడు.

ఇంకో ప్రమాదం గాలి కొట్టేటప్పుడు. లాక్ రింగ్ ఉండే లారీ చక్రాల్లో ఆ రింగ్ సరిగ్గా కూర్చోకపోతే, ప్రెజర్ పెరిగాక తూటాలా ఎగిరొస్తుంది. అమెరికాలో 1980లోనే ఇలాంటి చక్రాలకి ఇనుప కేజ్‌లో పెట్టి, క్లిప్ ఉన్న పొడుగు గొట్టంతో, దూరంగా నిలబడి గాలి కొట్టాలని రూల్ తెచ్చారు. ఆ కేజ్‌లో చిప్ లేదు, యాప్ లేదు. వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు.

మీ ఇంట్లో లారీ ఉన్నా, ట్రాక్టర్ ఉన్నా, కారున్నా ఇవి చూసుకోండి:

- రిఫ్లెక్టర్ ట్రయాంగిల్ డిక్కీలో అడుగున కాదు, చేతికందే చోట ఉండాలి. బండి ఆగగానే హజార్డ్ లైట్లు వేసి, ట్రయాంగిల్ బాగా వెనక పెట్టాలి.
- రిఫ్లెక్టివ్ జాకెట్, తలకి పెట్టుకునే ఎల్‌ఈడీ లైటు. చేతులు ఫ్రీగా ఉంటాయి, వచ్చే బండికి మనిషి కనిపిస్తాడు.
- కారుకి, బైక్‌కి ఇన్‌ఫ్లేటర్ కొంటే, సెట్ చేసిన ప్రెజర్ దగ్గర ఆటోమేటిక్‌గా ఆగే మోడల్ తీసుకోండి.
- లాక్ రింగ్ చక్రానికి గాలి కొడుతుంటే దాని ఎదురుగా నిలబడకండి, ఎవరినీ నిలబడనివ్వకండి.
- వీలైతే హైవే మీద కాకుండా బంకు దాకానో, ధాబా దాకానో నెమ్మదిగా లాక్కెళ్ళి ఆపండి.

మా మాట

నాస్కార్ కథలో పనిచేసిన అప్‌గ్రేడ్‌లన్నీ సింపులే: స్పీడ్ తగ్గించడం, హెల్మెట్, అన్ని నట్లూ బిగించడం. వీటిలో ఏదీ రేసింగ్‌ని చంపలేదు. పైగా పిట్ స్టాప్‌లు అప్పటికంటే ఇప్పుడు వేగంగా అవుతున్నాయి. సేఫ్టీకీ స్పీడ్‌కీ పడదన్న వాదనకి ఇంతకంటే సమాధానం అక్కర్లేదు. వాళ్ళ తప్పు ఒక్కటే, ప్రతి రూల్‌కీ ముందు ఎవరో ఒకరికి దెబ్బ తగిలేదాకా ఆగారు. మన హైవే మీద అలా ఆగాల్సిన పని లేదు. ఈసారి రోడ్డు పక్కన టైరు మారుస్తున్న వాళ్ళు కనిపిస్తే, రీల్ తీసే ముందు మీ బండి స్పీడ్ తగ్గించండి. ఆ నిమిషానికి అక్కడ పిట్ రోడ్డు లిమిట్ పెట్టేది మీరే.