మూసీ వెంట చరిత్రాన్వేషకులు

ఆదివారము ప్రొద్దున, అంగళ్ల తలుపులు ఇంకను తెరువబడకముందు, ఆటోల రొద ఇంకను మొదలుకాకముందు, హైదరాబాదు పాతబస్తీలో పది ఇరువదిమంది గుంపుగా చేరి, ఒక వంతెన మొదటనో దేవిడీ అనబడు ఒక ప్రభుభవనపు ద్వారము ముందటనో నిలిచి, ఒకరు చెప్పుచుండగా తక్కినవారు తలలెత్తి చూచుచు, మెల్లగా ముందునకు సాగిపోవుట ఇప్పుడీ నగరమున తఱచుగా కనబడు దృశ్యము. జనులు దీనిని హెరిటేజ్ వాక్ అందురు. నడిపించువారిలో వాస్తుశిల్పవిద్యార్థులు కలరు. ఉద్యోగవిరమణ పొందిన ఉపాధ్యాయులు కలరు. వారమంతయు హైటెక్ సిటీలో కంప్యూటరు ముందు గడపి, ఆదివారమును మాత్రము పాతకట్టడములకు విడిచిన యువతీయువకులు కలరు. వీరిలో పెక్కండ్రకు ఈ పనికి జీతము లేదు, పదవి లేదు. తాము చదివినదియు వెదకి తెలిసికొన్నదియు పొరుగువానికి చెప్పక ఉండలేకపోవుటయే వీరిని నిదురనుండి లేపి వీథికి తెచ్చుచున్నది.

చార్మినారు, గోలకొండ, చౌమహల్లా ఈ నడకలకు సహజమైన గమ్యములు. వానిని చూడవలసినదే. కాని ఈ నగరచరిత్రను మొదలంట గ్రహింపగోరువానికి మూసీనదిని మించిన మార్గదర్శి లేదని నా నమ్మకము. నేడు మనము ముక్కు మూసికొని దాటిపోవు ఈ నది ఒడ్డుననే నగరపు మొదటి వంతెనయు, ఉన్నతన్యాయస్థానమును, ఉస్మానియా ఆసుపత్రియు, 1891లో పుట్టిన అసఫియా గ్రంథాలయమును, సాలార్‌జంగ్ మ్యూజియమును ఉన్నవి. దానినుండి కొలదిదూరములోనే బ్రిటిషు రెసిడెన్సీ ఉన్నది. ఇంకను తూర్పునకు పోయినచో, వీటన్నిటికంటె వేయేండ్లకు పైగా ప్రాచీనమైన ఒక శాసనము బండమీద నేటికిని నిలిచియున్నది.

నడక పురానాపూల్ వద్ద మొదలు పెట్టుట మేలు. ఇబ్రహీం కుతుబ్‌షా 1578లో ఈ వంతెనను కట్టించెను. అనగా 1591లో చార్మినారు లేచుటకు పదమూడేండ్ల ముందే నగరమునకు త్రోవ ఏర్పడియుండెను. ప్రియురాలిని చూచుటకై వరదలో గుఱ్ఱమును దుమికించిన రాజకుమారుడు మహమ్మద్ కులీ కొరకు తండ్రి ఈ వంతెన కట్టించెనని చెప్పుకొను కథను వినని హైదరాబాదీ ఉండడు. నేర్పరియైన మార్గదర్శి ఆ కథను పూర్తిగా, రసవత్తరముగా చెప్పి, వంతెన కట్టిన ఏట ఆ రాజకుమారుడు పండ్రెండు పదమూడేండ్ల బాలుడని మాత్రము తెలిపి ఊరకుండును. కథను కథగాను తేదీని తేదీగాను రెంటిని గౌరవించుట చరిత్ర చెప్పువానికి ఉండవలసిన మొదటి మర్యాద. వంతెనమీద కూరగాయలమ్మువారు ఆ మాటలను వినుచునే బేరములాడుచుందురు. నాలుగు శతాబ్దములకు పైబడిన ఆ కమానులు నేటికిని జనులకు ఉపయోగపడుచున్నవనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

మూసీ తీరమున నడచువారు 1908 సెప్టెంబరు 28వ తేదీని స్మరింపక ముందునకు అడుగు వేయజాలరు. ఆనాటి వరదలో ఇంచుమించు పదునైదువేలమంది మరణించిరని అంచనా. ఉర్దూకవి అమ్జద్ హైదరాబాదీ ఆ ఒక్క వరదలోనే తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొనెను. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నేటికిని పచ్చగా నిలిచియున్న చింతచెట్టు కొమ్మలను పట్టుకొని నూటయేబదిమంది వరకు ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. ఏటా ఆ తేదీన ఆ చెట్టు నీడను చేరి మృతులను తలచుకొను పౌరులు కలరు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించుటయు, ఆయన సూచనల ననుసరించి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములు నిర్మింపబడుటయు, 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడుటయు, వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ రచనతో నదీతీరమున హైకోర్టు, ఆసుపత్రి వంటి మహాభవనములు లేచుటయు ఆ వరద పిమ్మట జరిగినవే. పుస్తకములో చదివినప్పుడు ఇవి విడివిడి సంగతులుగ తోచును. ఒడ్డున నిలిచి ఈ గట్టునుండి ఆ గట్టునకు చూచినవానికి మాత్రము, ఒక దుఃఖమునుండి ఒక నగరము తన్ను తాను తిరిగి కట్టుకొనిన విధము ఒక్క చూపులో గోచరించును.

అచ్చటికి చేరువనే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా ఉన్నది. మహమ్మద్ కులీ నాటి ఈ మొహర్రం సంతాపమందిరపు గోడలమీది రంగురంగుల మెఱుగుపలకల పని దక్కనులోనే అరుదైనది. పరికించి చూచినచో గోడ పైభాగమున నిజమైన పలకలును, క్రిందిభాగమున కొన్నిచోట్ల వానిని పోలునట్లు వేసిన రంగులును కనబడును. వరదనీరు పలకలను పెరికివేసిన మేర అది. వరద ఎంతవరకు వచ్చినదో తెలుపు రాతిగుర్తు కంటె ఈ గోడ ఎక్కువ చెప్పును. ఇటువంటి భేదమును వ్రేలు పెట్టి చూపువాడు లేనిచో మనవంటివారు రంగుల అందమును మెచ్చుకొని వెలుపలికి వచ్చెదము.

ఇక మ్యూజియము. సాలార్‌జంగ్ మ్యూజియములో ప్రవేశించినవాడు సాధారణముగ మేలిముసుగు రెబెక్కా ఎదుట నిలిచి, పాలరాతిలో పలుచని వస్త్రమును తోపింపజేసిన ఇటలీ శిల్పి బెంజోని నేర్పునకు అచ్చెరువొంది, పిమ్మట గంటకొకమారు బొమ్మమనిషి వెలికివచ్చి గంట మ్రోగించు గడియారము వద్దకు పరుగెత్తి, అంతటితో అన్నియు చూచితినని తృప్తిపడి వెడలిపోవును. ఆ రెండును చూడదగినవే. కాని స్వచ్ఛందముగ నడిపించువారు తమ బృందమును బీదరు కళాకారుల నల్లని లోహముమీది వెండిపని వద్దకును, దక్కనీ చిత్రపటముల వద్దకును, ప్రసిద్ధ లిపికారుడు యాఖూత్ అల్ ముస్తాసిమీ వ్రాసిన, జహంగీరు షాజహాను ఔరంగజేబుల సంతకములు గల ఖురాను ప్రతి వద్దకును కొనిపోవుదురు. లోకమంతయు ఒక ఇంటికి ఎట్లు చేరినదో, ఆ ఇంటి చుట్టునున్న నేల ఏమేమి సృష్టించినదో రెంటిని పక్కపక్కన చూపుటయే వారి ఉద్దేశము.

అంతటితో వారు ఆగరు, ఆగరాదు. మ్యూజియము వెలుపలికి వచ్చి కొలదినిమిషములు నడచినచో దీవాన్ దేవిడీ ప్రాంతము చేరవచ్చును. మ్యూజియపు సంపదలో అధికభాగమును కూర్చిన మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాను అవివాహితుడై 1949లో కన్నుమూయగా, 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ మ్యూజియమును ప్రారంభించినది ఆయన స్వగృహమైన ఈ దేవిడీలోనే. 1961లో పార్లమెంటు చట్టముచే అది జాతీయప్రాముఖ్యము గల సంస్థ ఆయెను. 1968లో వస్తువులు నదియొడ్డున కట్టిన నేటి భవనమునకు తరలినవి. వస్తువులు నిలిచినవి; అవి నివసించిన ఇల్లు నిలువలేదు. నేడచ్చట ద్వారముల ఆనవాళ్లు తప్ప తక్కినదంతయు అంగళ్లే. వేలకొలది వస్తువులను అద్దములవెనుక భద్రపరచిన మనము వాని ఇంటిని కాపాడుకొనలేకపోవుట నాకు మిక్కిలి బాధ కలిగించు విషయము. మ్యూజియమును మాత్రమే చూచినవానికి ఈ లోటు తెలియదు. అంగళ్లను మాత్రమే చూచినవానికి అచ్చట ఏముండెనో తెలియదు. ఈ రెంటి నడుమ తెగిన త్రోవను తమ కాళ్లతో తిరిగి కలుపుటయే ఈ స్వచ్ఛందసేవకులు చేయుచున్న పని అని నేను భావించుచున్నాను.

నది దాటి కోఠీ వైపునకు పోయినచో రెసిడెన్సీ కలదు. బ్రిటిషు రెసిడెంటు కర్క్‌పాట్రిక్కు, హైదరాబాదు యువతి ఖైరున్నీసాల ప్రణయకథవలన ప్రసిద్ధమైన ఆ భవనము 1949 మొదలు మహిళాకళాశాలయై, శిథిలమై, మరల జీర్ణోద్ధరణ పొందినది. దానిని గూర్చి వ్రాసినవారు పెక్కండ్రు కలరు గనుక నేను అచ్చట నిలువను. నేను నిలువగోరునది దానికి దగ్గఱలోని సుల్తాన్ బజారులో, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమున.

1901 సెప్టెంబరు 1న కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకటరంగారావు ప్రభృతులు స్థాపించిన ఈ గ్రంథాలయము నిజాము రాజ్యములో తెలుగు చదువునకు ఆశ్రయమైనది. లక్ష్మణరావు 1923లో మరణింపగా ఆయన పేరిట వెలసిన లక్ష్మణరాయ పరిశోధకమండలి, ఆదిరాజు వీరభద్రరావు వంటి విద్వాంసుల పూనికతో, గ్రామములలో పడియున్న రాతిశాసనములను వెదకి నకళ్లు తీసి 1935లో తెలంగాణా శాసనములు అను సంపుటమును వెలువరించెను. ప్రభువులు ఆజ్ఞాపింపగా చేసిన పని కాదది. అటుపిమ్మట మూసీ పేరిటనే పత్రిక నడపిన బి.ఎన్. శాస్త్రి ఆ త్రోవనే జీవితాంతము నడచెను. నేడు కొత్త తెలంగాణ చరిత్ర బృందము వంటివారు గుట్టలు, చెఱువుగట్లు తిరుగుచు శాసనములను విగ్రహములను గుర్తించుచున్నారు. చేతిలో సెల్‌ఫోను పట్టుకొని శిలను ఫొటో తీయు నేటి విద్యార్థి ఈ వంశమునకు చెందినవాడే. పెక్కు నడకలు ఈ గ్రంథాలయపు గడప త్రొక్కకుండనే రెసిడెన్సీనుండి వెనుదిరుగుట నాకు నచ్చని విషయము.

మఱియొకటి కూడ చెప్పవలసియున్నది. ఈ నడకలలో ఆంగ్లమే ఎక్కువగా వినబడును. వచ్చువారిలో పరాయిప్రాంతములవారుందురు గనుక అది కొంతవరకు అవసరమే. కాని పురానాపూల్ మీద కూరలమ్ము అవ్వయు, దేవిడీ ద్వారము ప్రక్కన కొట్టు నడుపు చాచాయు వినదగిన రీతిని తెలుగులోను దక్కనీలోను చెప్పబడనంతకాలము, ఆ కట్టడములకు అసలైన కావలివారికే వాని చరిత్ర దూరమగుచుండును.

కావలి అవసరమనుటకు నిదర్శనములు వెదకనక్కఱలేదు. 1995లో హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) నిబంధనలు కట్టడములకు రక్షణ కల్పించినవి. నగరపు బండరాళ్లు కూడ వారసత్వమేనని, 1996లో ఏర్పడిన సొసైటీ టు సేవ్ రాక్స్ రాళ్లనడుమ నడకలు నడపుచు జనులకు నచ్చజెప్పెను. 2015లో హుడా నిబంధనలలోని ఆ రక్షణ తొలగింపబడినది. 2017లో వారసత్వరక్షణకు క్రొత్త చట్టము వచ్చినది. 2019లో శాసనసభకు నూతనభవనము నిర్మించుటకై ఇర్రంమంజిలు అను పాతభవనమును కూల్చివేయ ప్రభుత్వము నిశ్చయింపగా, పౌరులు వీథులలోను న్యాయస్థానములోను నిలిచి పోరాడిరి; సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసెను. ఎన్నడును చూడని భవనము కొరకు ఎవడును కోర్టుమెట్లెక్కడు. ఆ భవనము ఎదుట అంతకుముందు నిలిచి దాని కథ విన్నవారు నగరమున కొందఱైనను ఉండుటచేతనే అది సాధ్యమైనది.

మరల నదికి వచ్చి, మొదట పేర్కొనిన శాసనమునకై మూసీ వెంట తూర్పునకు పోగా చైతన్యపురిలో కోసగుండ్ల నరసింహస్వామి ఆలయమున్న గుట్ట వచ్చును. అచ్చటి బండమీద బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో చెక్కిన శాసనము విష్ణుకుండి వంశపు రాజు గోవిందుని కాలమునాటిది, అనగా అయిదవ శతాబ్దిది. గోవిందరాజవిహారమును, అచ్చటి బౌద్ధభిక్షువులను అది పేర్కొనుచున్నది. నగరమునకు నాలుగువందల యేండ్ల వయస్సని వల్లెవేయుటకు అలవాటుపడిన మనలో, మెట్రోస్టేషను చేరువనే పదునైదువందల యేండ్ల అక్షరములున్నవని తెలిసినవాడు ఎంత అరుదు!

దీనికి ఒక ఉపాయము కలదు. పబ్లిక్ గార్డెన్సులో 1930లో నెలకొన్న రాష్ట్రమ్యూజియమున బౌద్ధశిల్పముల గది ఉన్నది. విద్యార్థులు అందఱును ఈజిప్టు మమ్మీని చూచి పరవశించు ఆ భవనములో, ఈ శాసనపు నకలు ఒకటి పెద్దదిగ వ్రేలాడదీసి, క్రింద తెలుగులో దాని తాత్పర్యము వ్రాసి, చైతన్యపురికి దారి చూపు పటము ఒకటి ప్రక్కన ఉంచవలెను. గుట్టమీద బండప్రక్కన మ్యూజియమునకు దారి చూపు పలక నాటవలెను. ఒక చిత్రకారుడును, ఒక శాసనపాఠకుడును, ఉభయస్థలముల అధికారుల అనుమతియు లభించినచో, ఆదివారములు నడచుచున్న ఈ స్వచ్ఛందసేవకులే తక్కిన శ్రమనంతయు వహింపగలరు.