మీకు తెలుసా? సెల్ఫ్ కొడుతున్నా కారు అందుకోదు!

ఆత్రేయపురంలో పూతరేకులు కట్టించుకుని వచ్చేసరికి కారు మొరాయిస్తే ఇంజిన్‌ను తిట్టకండి. బయట షాపులో బిగించిన ఇమ్మొబిలైజర్ (దొంగలు బండి స్టార్ట్ చేయకుండా అడ్డుకునే పరికరం) ఉంటే ముందు దాన్నే అనుమానించాలి. స్టార్టర్, ఇగ్నిషన్, పెట్రోల్ పంపు వైర్లలో ఒకటో రెండో కత్తిరించి, మధ్యలో రిలే పెడతారు. రిమోట్‌ను గుర్తిస్తేనే అది కరెంటు వదులుతుంది.

సెల్ఫ్ తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే పంపు, ఇగ్నిషన్ వైపు చూడాలి. బ్యాటరీ బాగున్నా సెల్ఫే తిరగకపోతే స్టార్టర్ వైపు. నిండా ఛార్జైన బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ కొట్టగానే వోల్టేజి మరీ పడిపోతే ఇమ్మొబిలైజర్ తికమకపడి మళ్లీ లాకవ్వచ్చు. రిమోట్‌లో బిళ్ల సెల్ మార్చి చూడటం అన్నిటికంటే చవక. కంపెనీ తాళంలోని చిప్‌కైతే సాధారణంగా సెల్ అక్కర్లేదు, తాళం రంధ్రం చుట్టూ ఉండే కాయిలే దానికి శక్తినిస్తుంది.

అసలు దొంగ చాలాసార్లు ఆ కత్తిరించిన వైర్ల జాయింటే. మెలిపెట్టి టేపు చుట్టిన రాగితీగ గోదావరి తీరపు తేమకు పచ్చగా చిలుము పడుతుంది. సోల్డరింగ్ చేయించాలి. పసుపు తొడుగు వైర్ల జోలికి మాత్రం వెళ్లొద్దు, అవి ఎయిర్‌బ్యాగ్‌వి. కొన్ని యూనిట్లకు డ్యాష్‌బోర్డు కింద రహస్య స్విచ్ కూడా ఉంటుంది. అదెక్కడుందో బిగించిన రోజే అడిగి తెలుసుకోండి.