గుట్టదారి సైకిలునకు తగిన రిమ్ము

మన మోత్కూరు ప్రాంతము చలక నేలలు గల మెట్ట సీమ. తారుబాట విడిచి చేల నడుమ పోవు బండిబాటలలో గులకరాళ్ళును, వానకు కోసికొనిపోయిన గండ్లును, బిక్కేరు వాగు కడ ఇసుకయు సైకిలునకు కఠిన పరీక్షలు. కావుననే లావు టైరుల మౌంటెన్ బైకులను విద్యార్థులు కోరుచున్నారు. అయితే తక్కువ వెల బండ్లలో రిమ్ములు పలుచనివిగా నుండుట కద్దు. రిమ్ము వంగిన బ్రేకు సరిగా పట్టదు. బ్రేకు పట్టని బండిపై పల్లము దిగు బాలునకు అపాయము. మాటిమాటికి బాగుచేయించుటలో తల్లిదండ్రుల కష్టార్జితము వ్యయమగును. బలమును, మితమైన వెలయు గల రిమ్మును ఎన్నుకొను విధమును ఇచ్చట తెలుపుచున్నాము.

మొదట చక్రము పనిచేయు తీరు నెరుగవలెను. ఎడ్లబండి చక్రమున ఇరుసు క్రింది కొయ్య ఆకులు స్తంభములవలె బరువు మోయును. సైకిలు స్పోకు అట్టిది కాదు. సన్నని తీగ యగుటచే నొక్కిన వంగును, లాగిన మాత్రము మిక్కిలి బలము చూపును. కావున స్పోకుల నన్నిటిని ముందే బిగించి యుంచుదురు. బరువు పడినపుడు క్రింది స్పోకుల బిగువు కొంత తగ్గును. జోబ్‌స్ట్ బ్రాంట్ 1981లో ప్రకటించిన 'ది బైసికిల్ వీల్' అను గ్రంథము ఈ విషయమును చక్కగా వివరించుచున్నది. ఇన్ని స్పోకుల లాగుడును, రాళ్ళ దెబ్బలను ఓర్చి గుండ్రముగా నిలువవలసినది రిమ్మే.

ఇక కొలత. అంగుళముల లెక్క మోసగించును. పాతకాలపు 28 అంగుళముల బండి రిమ్ముపై టైరు కూర్చుండు చోటి వ్యాసము 635 మి.మీ.; మౌంటెన్ బైకు 29 అంగుళములది 622 మి.మీ. మాత్రమే! 27.5 అంగుళములది 584, 26 అంగుళములది 559 మి.మీ. టైరు ప్రక్కన 54-559 అని యున్నచో 54 టైరు వెడల్పు, 559 రిమ్ము కొలత. ఈ రెండవ అంకెను చూచియే రిమ్ము కొనవలెను. హబ్బునకు ఎన్ని రంధ్రములో రిమ్మునకును అన్నియే యుండవలెను. పాత బండ్లకు ముందు 32, వెనుక 40. మౌంటెన్ బైకులకు సాధారణముగా 32 లేక 36. హబ్బును కూడ మార్చునెడల మన దారులకు 36 మేలు.

ఇనుప రిమ్ము చవుక, కాని బరువు, త్రుప్పుపట్టును, తడిసినపుడు దానిపై బ్రేకు కట్టలు జారును. అల్యూమినియము అదే పరిమాణపు ఇనుములో దాదాపు మూడవవంతు తూగును, వానలో బ్రేకును మెరుగుగా పట్టును. అందును ఒంటిగోడ రిమ్ముకన్న జంటగోడ రిమ్ము శ్రేష్ఠము. రెండు గోడల నడుమ బోలుగా నుండుటచే అది వెదురు బొంగువలె తేలికయయ్యు సులభముగా వంగదు. రెండంగుళముల టైరునకు లోపలి వెడల్పు 19 మొదలు 25 మి.మీ. వరకు నుండిన చాలును. డిస్కు బ్రేకుల కొరకు చేసిన రిమ్మునకు ప్రక్కల బ్రేకు పట్టు చదునైన తలము ఉండదు. రిమ్మును పట్టు బ్రేకులు గల బండికి దానిని కొనరాదు.

దుకాణమున రిమ్మును చదునైన గాజుపలకపై నుంచి చూడుడు; ఊగరాదు. అతుకు వద్ద వ్రేలితో తడవుడు, మెట్టు తగులరాదు. మెరుపును, రంగును చూచి భ్రమపడకుడు.

గోపురము కట్టదలచినవాని ఉపమానము (లూకా 14) మనకెల్లరకు పరిచితమే. ఇచ్చటను రిమ్ము, స్పోకులు, కూలి మూడును కలిపి ముందే లెక్క చూచుకొనవలెను. క్రొత్త రిమ్ము లోతు వేరైన పాత స్పోకులు పొడవు చాలకపోవుటయో, మిగులుటయో సంభవించును. పందెపు బండ్ల అతి తేలిక రిమ్ములకు అధిక ధనమిచ్చుట మనకు అనవసరము. ధనము ఒక్క మంచి రిమ్మునకే చాలినచో దానిని వెనుక చక్రమునకు వేయింపుడు. ఎక్కినవాని బరువులో హెచ్చుపాలును, వెనుక కూర్చున్నవాని బరువును దానిపైననే పడును.

ఎంత మంచి రిమ్మైనను స్పోకుల బిగువు సమముగా లేనిచో త్వరలోనే ఔటగును. ఒక్కవైపు స్పోకులను వరుసగా మీటినపుడు ధ్వని ఇంచుమించు ఒకటిగా నుండవలెను. గేర్ల బండి వెనుక చక్రమున కుడివైపు బిగువు హెచ్చుగా నుండుట సహజము. క్రొత్త చక్రమును కొన్నిదినములు తొక్కిన పిదప మరల ఔటు తీయింపవలెను. టైరులో గాలి తగ్గినచో రాతి దెబ్బ నేరుగా రిమ్మునకే తగులును.

తుదకు ఒక్క విన్నపము. బ్రేకు రాపిడికి రిమ్ము ప్రక్కగోడ అరుగును. అది లోపలికి గుంటపడినచో టైరు గాలి ఒత్తిడికి హఠాత్తుగా పగులవచ్చును. వానకాలమునకు ముందు తల్లిదండ్రులు తమ బిడ్డల సైకిలు చక్రములు రెంటిని ఒకసారి వ్రేలితో తడవి చూడ ప్రార్థించుచున్నాము.