పెట్టెలో దొరకని వీలునామా

2021 మే 8న బ్రహ్మంగారి మఠం పీఠాధిపతి వసంత వేంకటేశ్వర స్వామి కన్నుమూశారు. కర్మకాండలు ముగిశాయో లేదో, గద్దె పేచీ మొదలైంది. మొదటి భార్య పెద్ద కొడుకు వెంకటాద్రి స్వామి హక్కు తనదన్నారు. రెండో భార్య మహాలక్ష్మమ్మ, తన కొడుకు పేరిట స్వామివారు వీలునామా రాశారన్నారు. వేరే మఠాల స్వాములు రాజీ చేయబోయారు. దేవాదాయ శాఖ ఇన్‌ఛార్జిని పెట్టింది. చివరికి వ్యవహారం హైకోర్టు గడప తొక్కింది. కాలజ్ఞానం చెప్పిన బ్రహ్మంగారి మఠంలోనే రేపటి స్వామి ఎవరో తేలకపోవడం వింతే!

ఇలాంటి కథే బహాయీలదీ. ఢిల్లీలో 1986లో వెలిసిన కమలం ఆకారపు మందిరం వాళ్లదే.

మత స్థాపకుడు బహావుల్లా 1892లో అక్కా పట్టణం దగ్గర చనిపోయారు. ఆయన రాతపూర్వకంగానే చెప్పారు: తన తర్వాత పెద్ద కొడుకు అబ్దుల్ బహా, ఆపైన మరో భార్య కొడుకు మహమ్మదాలీ. ఇంత స్పష్టంగా రాసినా అన్నదమ్ములకు పడలేదు. బంధువుల్లో చాలామంది తమ్ముడి వైపే నిలిచారు. దాంతో అబ్దుల్ బహా తన వీలునామాలో తమ్ముణ్ని పక్కనబెట్టి, కూతురి కొడుకు షోగీ ఎఫెండీని మత సంరక్షకుడిగా ప్రకటించారు. 1921లో తాత పోయేనాటికి మనవడు ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న 24 ఏళ్ల కుర్రాడు. ఆ వీలునామా దొంగదని రూత్ వైట్ అనే అమెరికన్ మహిళ ఏళ్ల తరబడి వాదించింది. బహాయీల్లో ఆమె మాట విన్నవాళ్లు తక్కువే.

అసలు చిక్కు 1957 నవంబర్‌లో వచ్చింది. షోగీ ఎఫెండీ లండన్‌లో హఠాత్తుగా పోయారు. పిల్లలు లేరు. హైఫాలో ఆయన ఇనప్పెట్టె, బల్ల సొరుగులు వెతికినా వీలునామా దొరకలేదు. వారసుణ్ని పేర్కొనలేదని ఆయన నియమించిన 27 మంది పెద్దలు ప్రకటించారు. 1963 ఏప్రిల్‌లో తొమ్మిది మంది సభ్యుల విశ్వ న్యాయ మందిరాన్ని ఎన్నుకున్నారు. ఈ ఎన్నికలో నామినేషన్లుండవు, ప్రచారం నిషిద్ధం. మన పంచాయతీ ఎన్నికలు చూసినవాళ్లు ఇది నమ్మడం కష్టమే.

ఆ 27 మందిలో ఒకరైన మేసన్ రెమీ మాత్రం 1960లో తానే రెండో సంరక్షకుణ్నన్నారు. వారసుడు లేడన్న ప్రకటన మీద ఆయనా సంతకం పెట్టినవారే. షోగీ తనను అంతర్జాతీయ మండలికి అధ్యక్షుణ్ని చేశారు కాబట్టి వారసత్వం తనదేనని ఆయన వాదన. మిగతా పెద్దలు ఆయన్ని వెలివేశారు. వెంట నడిచిన కొద్దిమందీ 1974లో ఆయన పోయాక మళ్లీ చీలిపోయారు. ఈసారి పేచీ రెమీ వారసుడు ఎవరన్నది.