ఓడ షికారులో కొన్నవి – ఇంటికొచ్చాక విచారించినవి

మన కాలేజీ యూనియన్ ఏటేటా వేసే ఈ పుస్తకాన్ని సావనీర్ అంటున్నాం. ఇది ఫ్రెంచి మాట. జ్ఞాపకం చేసుకోవడం అని దాని అర్థం. యాత్రలకు వెళ్ళినవారు గుర్తుగా కొని తెచ్చుకునే వస్తువులకు కూడా ఇదే పేరు. ఓడల మీద విహారయాత్రకు వెళ్ళినవారు రేవుల్లో కొనే సావనీర్ల గురించి ఈ వ్యాసంలో నాలుగు మాటలు చెప్పదలిచాను.

ఓడ షికార్లకీ మనకీ సంబంధమేమిటని అడగవచ్చు. మన పూర్వవిద్యార్థుల్లో అమెరికాలో స్థిరపడ్డవారు తక్కువేమీ కాదు. వాళ్ళు తల్లిదండ్రులను పిలిపించుకున్నప్పుడు కరీబియన్ సముద్రంలో నాలుగైదు రోజుల ఓడ యాత్ర చూపించడం ఈమధ్య మామూలైపోయింది. ఇటు మన దేశంలోనూ కొచ్చి నుంచి లక్షద్వీపాలకు, చెన్నై నుంచి అండమాన్‌కు ఓడలున్నాయి. వెళ్ళిన ప్రతివారూ ఏదో ఒకటి కొంటారు. వాటిలో కొన్ని షోకేసులో ఉండిపోతాయి. మరికొన్ని విచారంగా మిగిలిపోతాయి. ఎందుకని?

"తెలివి తక్కువై మోసపోయారు" అనడం సులువే గాని, నాకు తోచిన కారణం వేరు. ఆ వస్తువు తయారవడానికి పట్టిన కాలానికీ, దాన్ని కొనడానికి మనకు దొరికే కాలానికీ ఎక్కడా పొత్తు కుదరదు.

రేవులో ఆరేడు గంటలు

షికారు ఓడ సాధారణంగా పొద్దున రేవులో ఆగి సాయంత్రానికల్లా బయలుదేరుతుంది. మధ్యలో ఉండేది ఆరేడు గంటలు. అందులో భోజనం, ఊరు చూడడం, ఫోటోలు పోగా అంగడికి మిగిలేది గంటో, రెండు గంటలో. చాలా ఓడల మీద ఏ రేవులో ఏం కొనాలో చెప్పే ఉపన్యాసాలు ఉంటాయి, దుకాణాల గుర్తులు వేసిన పటాలు పంచుతారు. ఆ పటాల్లో చోటు కోసం దుకాణాలవాళ్ళు డబ్బు కడతారు. అంటే అది సలహా రూపంలో ఉన్న ప్రకటన అన్నమాట.

మా ఊరి వారపు సంతలో పుచ్చు వంకాయలు అంటగట్టినవాడు మళ్ళీ వారం అదే చోట గోనె పరుచుకుని కూర్చోవాలి. ఆ భయం వాడికి ఉంటుంది. రేవులో ఆ భయం లేదు. కొన్నవాడు సాయంత్రానికి సముద్రం మీద ఉంటాడు, అమ్మినవాడికి రేపు ఇంకో ఓడ వస్తుంది.

'డ్యూటీ ఫ్రీ' అనే బోర్డు సంగతి కూడా తెలుసుకోవాలి. ఆ దుకాణం ఉన్న చోట సుంకం వేయలేదని మాత్రమే దాని భావం. సరుకు చవక అని గాని, మన దేశంలో దిగినప్పుడు కస్టమ్స్ వారు ఏమీ అడగరని గాని కాదు.

నీలిరాయి కథ

కరీబియన్ రేవుల్లోనూ, అలాస్కా రేవుల్లోనూ ఎక్కడ చూసినా టాంజనైట్ అనే నీలిరాయి అమ్ముతారు. చూడ్డానికి చాలా అందమైన రాయి. అయితే అది కరీబియన్‌ది కాదు, అలాస్కాది అంతకన్నా కాదు. తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా దేశంలో, కిలిమంజారో పర్వతానికి దగ్గరలోని మెరెలానీ కొండల్లో 1967లో బయటపడింది. వ్యాపారానికి పనికివచ్చేంతగా దొరికే చోటు ప్రపంచంలో అదొక్కటే. మరుసటి ఏడు న్యూయార్క్ నగల వ్యాపారులు దానికి ఈ పేరు పెట్టి అంగట్లోకి తెచ్చారు.

రసాయన శాస్త్రం ప్రకారం ఇది జోయిసైట్ అనే ఖనిజం. కాల్షియం, అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ కలిసినది. ఇందులో లేశమాత్రంగా ఉండే వెనేడియం వల్ల రంగు వస్తుంది. గనిలోంచి వచ్చేటప్పుడు ఎక్కువ రాళ్ళు గోధుమ రంగులోనే ఉంటాయి. సుమారు 500, 600 డిగ్రీల వేడిలో కాలిస్తే ఆ గోధుమ ఛాయ పోయి నీలం, ఊదా మిగులుతాయి. ఇందులో మోసం లేదు, ఆ రంగు మళ్ళీ పోదు కూడా.

చిక్కు వేరేచోట ఉంది. మోస్ కాఠిన్యమానంలో దీని కాఠిన్యం 6, 7 మధ్య. మన జాతిరాళ్ళలోని నీలం 9. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ 7. మన ఇళ్ళలోని దుమ్ములో సన్నటి ఇసుక ఉంటుంది గదా! రోజూ అంట్లు తోమి, ముగ్గు పెట్టి, పొయ్యి దగ్గర పనిచేసే చేతికి ఈ ఉంగరం పెడితే కొన్నేళ్ళకు గీతలు పడతాయి. పైగా ఒక దిశలో దెబ్బ తగిలితే చీలిపోయే గుణం కూడా దీనికి ఉంది.

మా పెద్దమ్మకు మా అన్నయ్య ఓడ యాత్రలో ఇలాంటి ఉంగరమే కొనిపెట్టాడు. "ఈ గని కొన్నాళ్ళలో అయిపోతుంది, అప్పుడు దీని ధర ఎంత పెరుగుతుందో చూడండి" అని అంగడివాడు చెప్పాడట. రెండేళ్ళ తరువాత వరి మునిగిన ఏడు, చేతిలో డబ్బాడక పెద్దమ్మ దాన్ని మా పక్క టౌనులోని షావుకారు దగ్గరికి తీసుకువెళ్ళింది. ఆయన భూతద్దంలో చూసి, "బంగారం వరకు లెక్క కడతానమ్మా, రాయికి నేనేమీ ఇవ్వలేను" అన్నాడు. పెద్దమ్మ మారు మాట్లాడకుండా ఉంగరం చెంగున ముడేసుకుని వచ్చేసింది. అన్నయ్యకు ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

షావుకారు తప్పేమీ లేదు. అరుదుగా దొరకడం వేరు, అమ్ముడుపోవడం వేరు. బంగారానికి ఏ ఊళ్ళోనైనా ఆ రోజు ధర ఉంటుంది. టాంజనైట్‌కు అలాంటి ధర లేదు. సేద్యం చేసుకునేవారి ఇళ్ళలో నగ అంటే ఒంటికి అలంకారం ఒక్కటే కాదు, పంట పోయిన ఏడు కుదువపెట్టుకునే ఆసరా కూడా. ఓడ రేవులో రాయి కొనేటప్పుడు ఈ తేడా తెలిసి కొంటే విచారం ఉండదు.

గులాబి పెదవి శంఖం

బహామాస్ రేవుల్లో అడుగుపెడితే వరసగా కనిపించేది క్వీన్ కాంక్ శంఖం. పెద్ద నోరు, విచ్చుకున్న గులాబిరంగు పెదవి. మనం పూజలో వాడే తెల్ల శంఖం మన్నారు సింధుశాఖలో దొరికే వేరే జాతి, దాని శాస్త్రీయ నామం టర్బినెల్లా పైరం. రెండూ నత్తల తెగవే గాని ఒకటి కావు.

క్వీన్ కాంక్ తన గుల్లను తానే సున్నంతో కట్టుకుంటుంది. మొదటి మూడేళ్ళు పొడవు పెరుగుతుంది. తరువాత పొడవు ఆగిపోయి, పెదవి విచ్చుకుని, మందం ఎక్కుతుంది. గుడ్లు పెట్టే ఈడు ఆ తరువాతే వస్తుంది. కనుక పెదవి విచ్చుకోని శంఖం అంగట్లో కనిపిస్తే అది ఈడుకు రాకముందే చచ్చిన నత్త. గుల్ల మొన దగ్గర చిన్న గంటు ఉంటే, అది మాంసం కోసం పట్టినదని గుర్తు. జాలర్లు అక్కడ పొడిచి కండరం తెంపి నత్తను బయటికి లాగుతారు. నిజం చెప్పాలంటే ఎక్కువ శంఖాలు ఇలా తిండికోసం పట్టగా మిగిలినవే. కాబట్టి తప్పంతా యాత్రికుల మీద వేయడం న్యాయం కాదు.

అయినా లెక్క ఒకటి ఉంది. బహామాస్‌లో చేసిన పరిశోధనలో (2000లో ప్రచురించారు) హెక్టారుకు పెద్ద నత్తలు 56 కన్నా తక్కువ ఉన్నచోట అవి జతకట్టడం ఒక్కసారి కూడా కనిపించలేదు. మన లెక్కలో ఎకరానికి సుమారు 23. నెమ్మదిగా పాకే జీవి, అంత పలచగా ఉంటే ఒకదానికొకటి ఎదురుపడదు. మిగిలినవి బతికే ఉంటాయి, పిల్లలు మాత్రం ఉండవు. విత్తనాల గింజలు వండుకు తిన్న ఇంటి పరిస్థితి ఇదే. ఫ్లోరిడాలో 1975లో వ్యాపారానికి పట్టడం ఆపారు, 1980ల మధ్యలో ఎవరూ పట్టకూడదన్నారు. ఇన్ని దశాబ్దాలైనా అక్కడి నత్తలు పూర్తిగా కోలుకోలేదు. 1992లో ఈ జాతిని సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందంలో రెండో అనుబంధంలో చేర్చారు. 2024లో అమెరికా ప్రభుత్వం దీన్ని ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించింది.

నల్ల పగడం, తాబేటి చిప్ప

మెక్సికోలోని కోజుమెల్ ద్వీపంలోనూ, హవాయిలోనూ నల్ల పగడం నగలు అమ్ముతారు. పగడం రాయి కాదు, పాలిప్ అనే చిన్న చిన్న జీవుల కాలనీ. నల్ల పగడం అస్థిపంజరం సున్నంతో కాక ప్రోటీన్, కైటిన్‌లతో తయారవుతుంది. హవాయి లోతు సముద్రంలో దొరికిన ఒక నల్ల పగడానికి వయసు కట్టి చూస్తే సుమారు 4,265 ఏళ్ళని తేలింది. ఈ సంగతి 2009లో ప్రచురించారు. అది ఏడాదికి వెంట్రుక మందం కూడా లావెక్కదు. అన్ని నల్ల పగడాలూ అంత ముసలివి కావు. హవాయిలో నగలకు వాడే రకం తక్కువ లోతులో ఉండి ఏడాదికి 6 సెంటీమీటర్ల పైచిలుకు ఎత్తు పెరుగుతుంది. అంగట్లో పాలిష్ పట్టిన పూసను చూసి అది ఏ రకమో, ఏ లోతుదో చెప్పడం మనవల్ల కాదు.

తాబేటి చిప్ప దువ్వెనలు, గాజులు హాక్స్‌బిల్ అనే సముద్రపు తాబేలువి. ఆ చిప్ప మన గోళ్ళలో ఉండే కెరాటినే. ఈ తాబేలు గుడ్లు పెట్టే ఈడుకు రావడానికి 20 ఏళ్ళ పైనే పడుతుంది. సైటీస్ మొదటి అనుబంధంలో ఉన్న జీవి ఇది. అంటే దేశాల మధ్య దీని వ్యాపారం నిషిద్ధం. రేవులో బాహాటంగా అమ్ముతున్నారు గదా అని కొన్నవారి దగ్గర కస్టమ్స్‌లో అది జప్తు అవుతుంది, జరిమానా వేరే.

మన దేశం 1976లో ఈ ఒప్పందంలో చేరింది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. 2001లో దిబ్బలు కట్టే పగడాలు, నల్ల పగడం, సముద్రపు విసనకర్రలు, కొన్ని రకాల గుల్లలు అందులో చేరాయి. అండమాన్‌లో, లక్షద్వీపాల్లో ఒడ్డున పడివున్న చచ్చిన పగడపు ముక్క ఏరుకు తెచ్చినా నేరమే. "చచ్చిందే కదా" అంటే కుదరదు.

చేతిపని ఎవరిది?

అలాస్కా రేవుల్లో అక్కడి ఆదివాసులు చెక్కిన కొయ్య బొమ్మలకు గిరాకీ ఎక్కువ. ఆ గిరాకీ చూసి ఫిలిప్పీన్స్‌లో చెక్కించి తెచ్చి, స్థానికుల పని అని అమ్మినవారున్నారు. అలా అమ్మినందుకు కెట్చికాన్ రేవులో ఒక దుకాణదారుకు 2023లో రెండేళ్ళ జైలుశిక్ష పడింది. అక్కడి ప్రభుత్వం అసలైన ఆదివాసీ చేతిపనికి 'సిల్వర్ హ్యాండ్' అనే ముద్ర ఇస్తోంది. కొండపల్లి బొమ్మ అని చెప్పి ఎక్కడో అచ్చుపోసిన బొమ్మ అమ్మితే పొణికి కర్ర చెక్కేవాడి కూడు పోతుంది. అక్కడా అంతే.

కొనేముందు

యాత్రలు మానమని నేను అనడం లేదు. అవకాశం వస్తే నేనూ వెళతాను. డబ్బు తీసేముందు నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. ఇది దేనితో చేసింది? ఈ ఊరిదేనా, ఎక్కడినుంచైనా వచ్చిందా? చేసినవాళ్ళు ఎవరు? మా దేశంలోకి తీసుకుపోనిస్తారా? ఒక్కదానికైనా అంగడివాడు తిన్నగా బదులు చెప్పకపోతే, గంట టైములో మనం తేల్చుకోగలిగేది కాదని వదిలేసి రావడం మేలు.

కొనదగ్గవి లేకపోలేదు. కరీబియన్‌లో గ్రెనడా అనే చిన్న ద్వీపం ఉంది. దాని జెండా మీదే జాజికాయ బొమ్మ ఉంటుంది. 2004 సెప్టెంబరులో వచ్చిన ఐవాన్ తుఫానుకు అక్కడి జాజిచెట్లు చాలావరకు కూలిపోయాయి. జాజి నాటితే కాపుకు రావడానికి ఆరు నుంచి ఎనిమిదేళ్ళు పడుతుంది. అయినా అక్కడి రైతులు మళ్ళీ నాటారు. జాజికాయ పైనుండే కండతో జామ్ చేసి సీసాల్లో అమ్ముతారు. అక్కడ ఓడ దిగినవారు ఆ సీసా ఒకటి కొనుక్కుంటే, వచ్చే ఏడు అదే చెట్టు మళ్ళీ కాస్తుంది.