జీపు వెనుక కమాను కట్టలు: అదనపు పట్టీతో లాభమెంత, ముప్పెంత?

సంతనాటి తెల్లవారుజామున మన సరిహద్దు గ్రామాలలో తరచుగా కనిపించే దృశ్యమిది. టమాటా పెట్టెలో, వేరుశనగ బస్తాలో నింపుకున్న జీపు వెనుక కుంగి, ముందు ఎత్తి బయలుదేరుతుంది. "ఇంకొక పట్టీ వేయించండి, సరిపోతుంది" అని ఎవరో ఒకరు సలహా చెబుతారు. ఆ సలహాలో మంచి ఎంత, ముప్పు ఎంత అన్నది పరిశీలిద్దాం.

పాత జీపులకు, బొలెరోకు, 2010లో వచ్చిన థార్‌కు వెనుక భారాన్ని మోసేవి కమాను కట్టలు. పొడవు, పొట్టి ఉక్కు పట్టీలను వరుసగా పేర్చి, సెంటర్ బోల్టుతో బిగించి, యూ బోల్టులతో ఇరుసుకు కట్టిన అమరిక ఇది. 2020 నాటి థార్‌కు వెనుక చుట్ట స్ప్రింగులు ఉన్నందున ఈ పద్ధతి దానికి వర్తించదు.

ముందు కొలత, తరువాత ఖర్చు

ఖాళీ బండిని సమతల నేలపై నిలిపి, చక్రం మధ్య నుండి పైనున్న మడ్‌గార్డు అంచు వరకు రెండు వైపులా కొలవాలి. ఒక వైపు తగ్గినా, ఖాళీగానే కుంగి ఉన్నా పట్టీలు అలసిపోయాయని, లేదా విరిగాయని అనుమానించాలి. అప్పుడు కావలసింది అదనపు పట్టీ కాదు, కొత్త కట్ట.

కట్ట బాగుండి, బరువు ఎక్కినప్పుడు మాత్రమే కుంగుతుంటే పట్టీ సంగతి ఆలోచించవచ్చు. ఒకే మందం గల ఐదు పట్టీలకు ఆరవది చేరిస్తే కట్ట గట్టిదనం సుమారు ఐదవ వంతు పెరుగుతుంది. మందం పెంచితే లెక్క మారిపోతుంది. 6 మి.మీ. పట్టీకి బదులు 8 మి.మీ. పట్టీ వేస్తే ఆ పట్టీ గట్టిదనం రెండు రెట్లకు మించుతుంది. అందువలన దొరికిన లారీ పట్టీని కోసి వేయించడం తగదు. ఖాళీ బండి గతుకులలో ఎగిరిపడి, వెనుక చక్రాలకు పట్టు తప్పుతుంది.

ఇంతకంటె మేలైనది హెల్పర్ పట్టీ. కట్ట అడుగున దాదాపు చదునుగా ఉండే ఈ మందపాటి పట్టీ కొసలు ఖాళీ బండిలో పై పట్టీని తాకవు. బరువెక్కి కట్ట చదునైనప్పుడే ఇది భారాన్ని అందుకుంటుంది.

పని చేయించేటప్పుడు

రెండు వైపులా ఒకే రకం పట్టీలు వేయించాలి. పట్టీకి వెల్డింగు గానీ గ్యాస్ మంట గానీ తగలనీయరాదు. ఉక్కు పదును పోయి విరుగుతుంది. యూ బోల్టులు కొత్తవి వేయించి, కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక మరల బిగించాలి. కొన్ని బండ్లలో వెనుక ఎత్తును బట్టి వెనుక బ్రేకు ఒత్తిడిని నియంత్రించే వాల్వు ఉంటుంది. ఎత్తు పెరిగితే బండి ఖాళీగా ఉన్నదని అది భ్రమపడి ఒత్తిడి తగ్గిస్తుంది. దానిని, హెడ్‌లైట్ల దిశను తప్పక సరిచేయించాలి.

పట్టీ మార్చలేనివి

కమాను గట్టిపడినంత మాత్రాన ఇరుసు, బేరింగులు, బ్రేకులు, టైర్లు, ఛాసిస్ బలపడవు. ఆర్.సి. పుస్తకంలోని మొత్తం బరువు పరిమితి ఒక్క కిలో అయినా పెరగదు. ఉదాహరణకు, ఖాళీ బరువు 1,600 కిలోలు, మొత్తం బరువు 2,200 కిలోలు అనుకుంటే మిగిలేది 600. ఒక్కొక్కరు 65 కిలోల చొప్పున ఏడుగురు ఎక్కితే 455 పోగా 145 కిలోలే మిగులుతాయి. అంటే 25 కిలోల పెట్టెలు ఐదు మాత్రమే.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం పరిమితి మించిన బరువుకు జరిమానా 20,000 రూపాయలు, అదనపు టన్నుకు మరో 2,000. ఈ చట్టం సరిహద్దుకు అటూ ఇటూ ఒక్కటే.

వెనుక కుంగడం నిజానికి బండి మనకు చేసే హెచ్చరిక. పట్టీ వేయించిన తరువాత బండి నిటారుగా నిలుస్తుంది, ఆ హెచ్చరిక వినిపించదు. ఘాట్ దిగుతున్నప్పుడు బ్రేకు వద్ద మాత్రమే తెలుస్తుంది. నేడు పంట మోసిన జీపులోనే రేపు పెండ్లికి మన పిల్లలు ప్రయాణిస్తారు. కావున పట్టీని బండి వంగకుండా ఉండటానికే వేయించాలి; పెట్టెలు పెంచుకోవడానికి కాదు.